బండి రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుందే?

ధనుర్మాసం వచ్చిందంటే మా తిరువూరులో ఇంటింటా ఒకటే గుర్తు: కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోతుంది. మొన్న పొద్దున్నే మా పెద్దమ్మాయికి తల దువ్వాలని ఆ సీసాని వేణ్ణీళ్ళ చెంబులో నిలబెట్టానో లేదో, చెల్లెలు ఫోన్ చేసింది. అది అమెరికాలో మినియాపోలిస్ పక్కన ఉంటుంది. అక్కడింకా ముందురోజు సాయంత్రమే, చీకటి పడిపోయింది.

"అక్కా, కారు మారుస్తున్నాం. నీ మరిది పూర్తి ఎలక్ట్రిక్ అంటున్నాడు. నాకేమో కరెంటూ పెట్రోలూ రెండిటి మీదా నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అయితే నిశ్చింత అనిపిస్తోంది. ఇద్దరు పిల్లలతో ఈ చలిలో ఎక్కడైనా ఆగిపోతే?" అంది.

దాని గొంతులో భయం నాకు తెలుసు. రెండోదాని పురిటికి వెళ్ళి ఒక శీతాకాలమంతా దానితో ఉన్నాను. ఇక్కడ మేం నడిపేదీ ఎలక్ట్రిక్ బండే. ఏ.కొండూరు, మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా బెజవాడ డెబ్బై అయిదు కిలోమీటర్లు. పొద్దున వెళ్ళి ఆస్పత్రి పనో పెళ్ళి బట్టలో చూసుకుని రాత్రికి వచ్చేస్తాం, మధ్యలో ఛార్జింగ్ మాటే ఉండదు. కానీ తిరువూరు చలి వేరు, మైనస్ ఇరవై వేరు. మీలో ఎంతమందికి చెల్లెళ్ళు, కూతుళ్ళు అలాంటి ఊళ్ళలో ఉన్నారో! అందుకే దానికి చెప్పినదంతా మీకూ చెబుతున్నాను.

ముందు ఫోన్‌లో ఆ నూనె సీసానే చూపించాను. బ్యాటరీ లోపల కూడా ఒక ద్రవం ఉంటుంది. లిథియం అయాన్లు అందులోంచే ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. చలికి ఆ ద్రవం మన నూనెలా గడ్డకట్టదు గానీ చిక్కబడుతుంది, నడక మందగిస్తుంది. లోపలి కరెంటు ఎక్కడికీ పోలేదు, బయటికి రావడమే కష్టం. వెచ్చబడితే మళ్ళీ మామూలే. గడ్డకట్టే చలిలో గబగబా ఛార్జి చేస్తే మాత్రం లిథియం లోపలే లోహపు పొరలా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది. అలా కాకుండా, వెచ్చబడేదాకా బండి తనే ఛార్జింగ్ నెమ్మది చేస్తుంది. 2024 జనవరిలో షికాగో చలికి ఛార్జర్ల దగ్గర బండ్లు గంటలకొద్దీ వరసకట్టిన వార్త గుర్తుందా? చల్లటి బ్యాటరీతో వచ్చి నిలబడితే జరిగేది అదే.

అయితే అసలు ఖర్చు బ్యాటరీ చలిది కాదు, మన చలిది. అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో పరీక్ష చేసింది. మైనస్ ఏడు డిగ్రీల దగ్గర, హీటర్ వేయకపోతే దూరం సగటున 12 శాతమే తగ్గింది. హీటర్ వేస్తే 41 శాతం తగ్గింది! పెట్రోలు కారుకి ఈ బాధ ఎందుకు కనిపించదంటే, అది తగలబెట్టే ఇంధనంలో చాలా భాగం ఊరికే వేడిగా పోతుంది, ఆ పోయే వేడినే లోపలికి మళ్ళిస్తారు. కట్టెల పొయ్యి మీద అన్నం వండుతూ పక్కన కాగు పెట్టుకుంటే నీళ్ళు వాటంతటవే కాగినట్టు. ఇండక్షన్ స్టవ్ దగ్గర ఆ సుఖం లేదు, నీళ్ళకి వేరే కరెంటు కాలాల్సిందే. మనకి వేసవిలో ఏసీ ఇంత తినదేమంటే, నలభై రెండు నుంచి ఇరవై అయిదుకి దించడం పదిహేడు డిగ్రీల పని. మైనస్ ఇరవై నుంచి ఇరవైకి ఎక్కించడమంటే నలభై డిగ్రీలు.

అందుకని దానికి చెప్పాను: షోరూంలో 300 మైళ్ళు అంటే నువ్వు మైనస్ ఏడు దగ్గరే 177 అనుకో. నీ అత్యంత చలి రోజున డేకేర్, ఆఫీసు, సరుకులు, ఇల్లు అన్నీ కలిపి ఎంత? నలభై మైళ్ళు దాటదంది. మరి భయం దేనికే? సన్‌రూఫ్ లేకపోయినా పర్లేదు, హీట్ పంపు మాత్రం ఉందా అని అడుగు. ఏసీని తిరగేసి నడిపినట్టు బయటి గాలిలోంచే వేడి లాగుతుంది, కరెంటు ఆదా. మరీ గడ్డ చలిలో దాని బలమూ తగ్గుతుందనుకో. సీటు హీటర్లు, స్టీరింగ్ హీటరు గాలి హీటరు కన్నా చాలా తక్కువ తింటాయి.

ఇక్కడొక సంగతి. ఇది మగవాళ్ళు మైళ్ళ లెక్కల్లో మర్చిపోతారు. ఆ శీతాకాలం నేను కళ్ళారా చూశాను. పొద్దున ఏడింటికి మా చెల్లెలు పెద్దదాన్ని కారు సీట్లో కూర్చోబెట్టి, ముందు దాని లావుపాటి కోటు విప్పేసేది. నా ప్రాణం విలవిల్లాడింది, "అంత చలిలో కోటు విప్పుతావేంటే!" అన్నాను. కోటు మీద బెల్టు బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది గానీ, గుద్దుకున్నప్పుడు ఆ దూది అణిగిపోయి బెల్టు వదులైపోతుందట. పిల్ల జారిపోతుంది. అందుకని కోటు విప్పి, బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పేది. పిల్ల పెదవులు వణికేవి. ఆ పెట్రోలు కారు వెచ్చబడేసరికి డేకేర్ వచ్చేసేది. మూసిన గరాజులో ముందే ఇంజను ఆన్ చేసి ఉంచుదామంటే ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

ఎలక్ట్రిక్ బండికి పొగ లేదు. గరాజు తలుపు మూసి ఉండగానే, ప్లగ్గు తగిలించి ఉండగానే, ఫోన్‌లో నొక్కితే సీటూ బ్యాటరీ రెండూ వెచ్చబడతాయి. ఆ కరెంటు గోడలోంచి వస్తుంది, నీ మైళ్ళలోంచి కాదు. నాకైతే ఎలక్ట్రిక్ వైపు మొగ్గడానికి ఈ ఒక్క కారణం చాలు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొనేవాళ్ళు మాత్రం జాగ్రత్తగా అడగాలి: కొన్నిట్లో బాగా చలిగా ఉంటే హీటర్ కోసం ఇంజను తనంతట తను స్టార్టవుతుంది. క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ వ్యాను అలాంటిదే. బ్యాటరీ నిండుగా ఉన్నా సరే. అలాంటి బండిని మూసిన గరాజులో ముందుగా వెచ్చబెట్టకూడదు.

అలాగని ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ని తీసిపారేయను. ఇంట్లో ఒకటే కారు, సొంత గరాజు, ఏడాదికి నాలుగైదు దూర ప్రయాణాలు ఉన్నవాళ్ళకి అది బంగారం. ముప్పై నలభై మైళ్ళు కరెంటు మీద, ఆపైన పెట్రోలు మీద. చలికాలంలో ఆ ముప్పై ఇరవై అవుతుంది, అయినా రోడ్డు మీద నిలబెట్టదు. మా చెల్లెలి స్నేహితురాలు అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, బండి వీధి పక్కన పెడుతుంది. ఆ అమ్మాయి ప్లగ్-ఇన్ కొంటే ప్లగ్గు ఎక్కడ పెడుతుంది? బరువైన బ్యాటరీని ఊరికే మోసుకు తిరగడమే. ఆమెకి ప్లగ్గు అక్కర్లేని మామూలు హైబ్రిడ్ చాలు. అందుకే చెల్లెల్ని నేను మొదట అడిగింది మైళ్ళు కాదు, బండి రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుందే అని.

చలి దేశంలో ఇది కుదురుతుందా అంటే, నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 పూర్తి ఎలక్ట్రిక్. అక్కడా మంచు బాగానే పడుతుంది. వాళ్ళలో ఎక్కువమందికి ఇంటి దగ్గరే ఛార్జింగ్ ఉంది.

టైర్ల మాట కూడా గట్టిగా చెప్పాను. ఆల్ వీల్ డ్రైవ్ మంచులో కదలడానికి సాయం, ఆగడానికి కాదు. ఆగేది టైర్లతోనే. ఎలక్ట్రిక్ బండి బరువు ఎక్కువ కనక వింటర్ టైర్ల డబ్బు మొదటి రోజే పక్కన పెట్టుకోవాలి. అక్కడ కేంద్రం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో పోయింది, ఆ లోటు మరిదిగారు లెక్కలో వేసుకోవాలి. మన దగ్గర ఈ తర్జనభర్జనే లేదు. మామూలు కుటుంబానికి అందే ధరలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు లేవు. ఎలక్ట్రిక్ మీద జీఎస్టీ 5 శాతం, ఇన్నోవా హైక్రాస్ లాంటి పెద్ద హైబ్రిడ్ మీద 40.

"మరి బాలాజీ గుడికి వెళ్ళాలంటే?" అంది చివరికి. షికాగో దగ్గర అరోరాలో ఉన్న ఆ గుడి వాళ్ళకి దాదాపు నాలుగు వందల మైళ్ళు. వాళ్ళింట్లో టొయోటా సియెన్నా వ్యాను ఎలాగూ ఉంది. దూరానికి అది, రోజూ పిల్లలకి ఎలక్ట్రిక్ బండి. మేపుల్ గ్రోవ్‌లో హిందూ దేవాలయం దగ్గరే కదా, సంక్రాంతికి ఎలక్ట్రిక్ బండిలోనే వెళ్ళిరండి అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ పట్టుకుని గరాజులోకి వెళ్ళింది. గోడ మీద కరెంటు డబ్బా చూపించి, "ఛార్జర్‌కి 240 వోల్టుల లైను ఇక్కణ్ణుంచి లాగొచ్చంటావా అక్కా?" అంది. అది ఎలక్ట్రీషియన్ చెప్పాలి, శనివారం పిలిపించు అన్నాను. మాట్లాడుతుంటే దాని నోట్లోంచి ఆవిరి వస్తోంది.

ఇక్కడ నూనె కరిగింది. పిల్ల రిబ్బన్లు పట్టుకుని నిలబడింది.