సంతకం పెట్టే ముందు: పాట రాసేవారికి, బొమ్మ వేసేవారికి

కాపీరైట్ కావాలంటే రిజిస్టర్ చేయించాలా?

అక్కర్లేదు. రాసిన క్షణాన, గీసిన క్షణాన హక్కు మీదవుతుంది. రిజిస్ట్రేషన్ రేపు కోర్టులో సాక్ష్యానికి పనికొస్తుంది, అంతే. మనసులో ఉన్న కథను నలుగురిలో చెప్పేసి, ఎవరో ఎత్తుకుపోయారంటే మాత్రం చట్టం ఆదుకోదు. ఉత్త ఆలోచనకు కాపీరైట్ లేదని 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కథ వినిపించడానికి వెళ్ళే ముందే పూర్తిగా రాసిపెట్టుకోండి.

నిర్మాత డబ్బిచ్చి పాట రాయించుకున్నాడు. ఇక నాకేమీ మిగలదా?

మిగులుతుంది. ఈ సంగతి మన గీత రచయితల్లో చాలామందికి ఇంకా చేరకపోవడమే నా బాధ. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాట నిర్మాత సొత్తేనన్న పద్ధతి 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడింది. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళకు, 2012లో, పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు హక్కులు నిర్మాతకు రాసిచ్చినా, రాయల్టీలో సమాన వాటా రాసినవారికి, బాణీ కట్టినవారికి దక్కాలి. హాల్లో ఆ సినిమాతోపాటు పాట వినిపిస్తే వాటా లేదు. రేడియోలో, టీవీలో, ఫోన్లలో వినిపిస్తే ఉంది. ‘నాకు రాయల్టీ వద్దు’ అని మీచేత సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. ఆ వాటాను వారసులకు రాయవచ్చు, లేదా వసూలు చేసిపెట్టమని కాపీరైట్ సొసైటీకి అప్పగించవచ్చు. పాటల విషయంలో ఆ పని చేసేది ఐపీఆర్ఎస్. అందులో సభ్యత్వం తీసుకోండి. మీ డబ్బు మీ ఇల్లు వెతుక్కుంటూ రాదు.

అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి?

ముందు, అసలు అగ్రిమెంటు ఉందా అని. నోటిమాట మీద కాపీరైట్ చేతులు మారదు. రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు. అందుకే ‘శాశ్వతంగా’, ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న మాటలు కనిపించగానే కలం పక్కన పెట్టండి. ఆ రెంటికీ వేరే ధర అడిగే హక్కు మీకుంది.

డబ్బు తీసుకుని పెయింటింగ్ వేసిచ్చాను. కాపీరైట్ నాదేనా?

ఇక్కడ చట్టం చిత్రకారుడికి అన్యాయం చేసిందనే నేను అనుకుంటాను. డబ్బు తీసుకుని పత్రికకు కవిత రాసిచ్చే ఫ్రీలాన్సర్ కాపీరైట్ నిలబెట్టుకుంటాడు. అదే డబ్బు తీసుకుని పెయింటింగ్ వేసినా, ఫోటో తీసినా, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ డబ్బిచ్చినవారిదే. కాబట్టి బ్రష్ పట్టకముందే ‘కాపీరైట్ చిత్రకారుడిదే’ అన్న ఒక్క వాక్యం రాయించుకోండి.

కాపీరైట్ పోయాక, నా బొమ్మను వాళ్ళిష్టమొచ్చినట్టు చేయవచ్చా?

చేయకూడదు. పేరు వేయించుకునే హక్కు, మీ పరువు పోయేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు మీతోనే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు అమర్‌నాథ్ సెహగల్ పెద్ద కంచు కుడ్యశిల్పం చేసిచ్చారు. 1979లో దాన్ని గోడ నుంచి ఊడదీశారు, ముక్కలు గోదాములో పడ్డాయి. కాపీరైట్ ప్రభుత్వానిదే అయినా ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిథిలాలను శిల్పికి తిరిగిచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమంది.

పెళ్ళి ఊరేగింపులో సినిమా పాట వేస్తే నేరమా?

కాదు. పెళ్ళి ఊరేగింపును, పెళ్ళికి సంబంధించిన వేడుకలను చట్టమే మినహాయించింది.

రచయిత పోయాక హక్కు ఎన్నాళ్ళు?

మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. 1915లో పోయిన గురజాడ రచనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1971లో పోయిన జాషువా బతికుండగా ప్రచురించిన రచనలకు 2031 చివరిదాకా, 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరిదాకా హక్కుంది. మీ ఇంట్లో తాతగారు రాసినవి ఉంటే, ప్రచురణకర్తలు ఆయనకు రాసిన ఉత్తరాలూ, పాత అగ్రిమెంట్లూ ట్రంకుపెట్టెలో వెతికి భద్రం చేయండి. ఏ హక్కు ఎవరికి, ఎన్నేళ్ళకు ఇచ్చారో చెప్పగలిగేవి ఆ కాగితాలే.