తెలుగూ కన్నడా కలిసేచోట మెదడు చదువు

ప్రశ్న: మాది మడకశిర. కాగ్నిటివ్ సైన్స్ చదవాలని ఉంది. ఊళ్లోని చిన్న డిగ్రీ కాలేజీలో ఆ కోర్సు లేదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: డిగ్రీలో ఆ పేరు కనబడలేదని దిగులు పడకమ్మా. మనసు ఎలా పనిచేస్తుందో మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, కంప్యూటర్లు, నాడీశాస్త్రం, తత్వశాస్త్రం కలిసి వెతికే చదువిది. మన దేశంలో ఎక్కువగా పీజీలోనే మొదలవుతుంది. గాంధీనగర్ ఐఐటీ ఎమ్మెస్సీకి ఏ డిగ్రీ వాళ్లయినా పోటీపడవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో దీనికి ప్రత్యేక కేంద్రమే ఉంది. అర్హతలు మాత్రం ఏటా చూసుకోవాలి. ఇప్పటికి కంప్యూటర్సో జువాలజీయో మేజర్‌గా తీసుకో. స్టాటిస్టిక్స్ దొరికితే వదలొద్దు, చాలామంది తడబడేది అక్కడే.

ఇంకోమాట. మీది తెలుగూ కన్నడా కలగలిసిన ఊరు, రెండు భాషలు మెదడును ఎలా మారుస్తాయన్నదీ ఈ చదువులో భాగమే. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో అధ్యయనం ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్లకన్నా రెండు భాషలవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. తర్వాతి అధ్యయనాలన్నీ దీంతో ఏకీభవించలేదనుకో, అది వేరే సంగతి. సంతలో మీ అవ్వ ఎవరితో ఏ భాష మాట్లాడుతుందో, ఎక్కడ మారుస్తుందో ఈ వారమే నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టు.