మంచం నుంచి మైదానం దాకా

మా చిన్నాయన మక్కచేనుకు కావలి పోయి ఓ రాత్రి మంచె మీదినుంచి పడ్డాడు. వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపారు గాని, మంచంలో ఉన్న మనిషిని ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. కొద్దిరోజులకే వీపున పుండ్లు పడ్డాయి. నానమ్మే తనకు తోచి ఆయన్ను అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టింది. అప్పుడు నేను ఇంటర్మీడియట్. బి.యస్సీ.లో చేరాక ఆ పుండ్ల గురించి చదవబోతే, ఆటల చరిత్ర తగిలింది!

వికలాంగుల అంతర్జాతీయ క్రీడల్లో మొదటివి బధిరులవి. 1924లో పారిస్‌లో జరిగాయి. కాని నేడు పారాలింపిక్స్ అని మనం పిలిచేవి పుట్టింది మాత్రం ఆసుపత్రి వార్డులోనే. లుడ్విగ్ గుట్‌మన్ జర్మనీలో నాడీ వైద్యుడు. యూదుడు కావడంచేత నాజీల బాధ పడలేక 1939లో కుటుంబంతో ఇంగ్లండు చేరాడు. 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో, వెన్ను దెబ్బతిన్న సైనికుల వార్డు ఆయన చేతికొచ్చింది. ఆ రోజుల్లో అలాంటి రోగి బతకడని ముందే తీర్మానించేవారు. చంపేది వెన్ను దెబ్బ కాదు, పుండ్లూ, మూత్రంలో చేరే చీమూను. ఒకే పక్కన పడుకుంటే శరీర బరువుకు సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. స్పర్శ ఉన్నవాడు నిద్రలో కూడా కదులుతాడు. లేనివాడికి తెలియదు, అక్కడి కండ చచ్చిపోతుంది. గుట్‌మన్ చేసిన మొదటి పని, రాత్రనక పగలనక రెండు గంటలకోసారి రోగిని తిప్పించడం. మా నానమ్మ చేసిందీ అదే. కాకపోతే గంటల లెక్క ఆమెకెవరూ చెప్పలేదు.

బతికాక ఏం చెయ్యాలి? కాళ్ల పని చేతులు చెయ్యాలి కదా, భుజాలకు బలం కావాలి. అందుకని ఆటలు పెట్టాడు. విలువిద్యకు చేతులతోపాటు నడుముపై కండరాలూ పనిచేస్తాయి. పైగా కుర్చీలో కూర్చున్నవాడు నిలబడ్డవాడితో సరిసమానంగా పోటీ పడొచ్చు. 1948 జులై 29న లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజునే, ఆ ఆసుపత్రి ఆవరణలో పదహారు మంది బాణాలు వేశారు. వారిలో ఇద్దరు స్త్రీలు. 1952లో డచ్చి మాజీ సైనికులు రావడంతో అవి అంతర్జాతీయమయ్యాయి. 1960లో రోమ్‌కు 23 దేశాలనుంచి దాదాపు 400 మంది వచ్చారు.

ఇదంతా సాఫీగా సాగిందనుకోవద్దు. 1968లో మెక్సికో మావల్ల కాదంటే టెల్ అవీవ్‌లో, 1980లో మాస్కో పట్టించుకోకపోతే హాలండులోని ఆర్నెమ్‌లో జరిపారు. ఒలింపిక్స్ ఆడిన మైదానాలే వీరికీ దక్కింది 1988లో, సియోల్‌లో. గుట్‌మన్ 1980లోనే కన్నుమూశాడు, అది చూడలేదు.

మన దేశపు తొలి స్వర్ణం కూడా చికిత్స పుణ్యమే. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మురళీకాంత్ పేట్కర్‌ను ఈత కొట్టమన్నారు వైద్యులు. 1972లో హైడల్‌బర్గ్‌లో 50 మీటర్లు 37.33 సెకన్లలో ఈది స్వర్ణం గెలిచాడు.

ఎవరిని ఆడనివ్వాలన్న తగాదా ఇంకోటి. 2000లో సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు పన్నెండు మందిలో పదిమందికి ఏ బుద్ధిమాంద్యమూ లేదని తేలింది. తప్పు చేసింది వాళ్లు, శిక్ష పడింది నిజంగా ఆ లోపం ఉన్న వాళ్లందరికీ. ఆ విభాగం తిరిగి వచ్చింది 2012లో. రాకుంటే మన వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల జీవంజి దీప్తి 2024లో పారిస్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చేదా?

ఆ పరుగు చిన్నాయనా నేనూ నా ఫోన్‌లోనే చూశాం. అయిపోయాక "కూసోని ఇసిరెటోళ్లకు ఏమన్న ఉందార?" అనడిగాడు. ఒకప్పుడు వడిసెల పడితే ఊళ్లో ఆయన తర్వాతే ఎవరైనా. ఉందని చెప్పాను. కుర్చీలో కూర్చుని చెక్క గదలాంటిది విసిరే పోటీ ఒకటుంది. అందులోనే మన ధరంబీర్ అదే పారిస్‌లో స్వర్ణం గెలిచాడు.

"బరువెంత?"

"నాలుగొందల గ్రాములకు మూడు తక్కువ."

చిన్నాయన నవ్వాడు. పొద్దున్నే నానమ్మను పిలిచి, అటక మీది వడిసెల దింపమన్నాడు.