పిడికెడు పల్లీలు – ఇంటిల్లిపాదికి బలం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో పల్లీలు లేని వంటిల్లు అరుదు. పొద్దున పల్లి చట్నీ, పిల్లలకు పల్లిపట్టీ, విందులో బగారా బైంగన్, మిర్చీ కా సాలన్. ఇంతగా తింటున్నా, వీటి గుణం, వీటితో తీసుకోవాల్సిన జాగ్రత్త చాలామందికి తెలియవు.

పల్లి బాదం, జీడిపప్పు కోవకు చెందినది కాదు. కంది, పెసరలాగే పప్పు జాతి పంట. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన నేలలో స్థిరపడింది. పువ్వు నేలపైన పూస్తుంది, కాయ నేల లోపల కాస్తుంది.

పోషకాలు

100 గ్రాముల పల్లీల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పిడికెడు, అంటే 30 గ్రాములు తింటే 7 గ్రాములు అందుతాయి. ఇది దాదాపు ఒక కోడిగుడ్డుతో సమానం. వీటిలోని కొవ్వులో ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే రకమే. పీచు ఉండడంవల్ల రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. గర్భిణులకు అవసరమైన ఫోలేట్ కూడా ఉంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పల్లీల్లో ఇనుము కొద్దిగానే ఉంటుంది కనుక ఇవొక్కటే చాలవు. ఆకుకూరలు, నిమ్మరసం, జామపండు తోడు కావాలి. తిన్న వెంటనే చాయ్ తాగకూడదు. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు.

బూజుతో జాగ్రత్త

మంచి గింజలు మార్కెట్‌కు పంపి, ముడతలు పడ్డవి, నల్లబడ్డవి ఇంటికి ఉంచుకోవడం కొన్ని రైతు ఇళ్లలో అలవాటు. ప్రమాదం అక్కడే ఉంది. బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో ఇలాంటి పల్లి పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాకే దీని సంగతి బయటపడింది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే క్యాన్సర్‌కూ దారితీస్తుంది. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. కాయలను బాగా ఎండబెట్టి, తేమ తగలని చోట దాచాలి. చేదుగా ఉన్న గింజను మింగకుండా ఉమ్మేయాలి.

గుర్తుంచుకోండి

• రోజుకు పిడికెడు చాలు. ఉప్పు, నూనె తక్కువగా వాడాలి.
• ఐదేళ్లలోపు పిల్లలకు గింజలుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డుపడతాయి. పొడి చేసి అన్నంలో కలిపి పెట్టండి.
• తిన్నాక దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈసారి పల్లీలు చాటలో పోసినప్పుడు చెడ్డ గింజలను ఏరి పారేయండి. మంచివి మాత్రం ముందు మన పిల్లలకే పెడదాం.