వెళ్లవలెనా? నిలువవలెనా?

చదువవలసిన భాగములు: ఆదికాండము 12:1–9, మార్కు 5:18–20, అపొస్తలుల కార్యములు 13:1–3, 16:6–10.



ఆరాధనలో ఒక యౌవనుడు లేచి, సువార్త సేవకు పోవుదునని చెప్పినప్పుడు మనమందరము సంతోషింతుము. అయితే ఆ రాత్రి వాని యింటిలో వేరు మాటలు నడచును. ముసలి తలిదండ్రులను ఎవరు చూతురు? చెల్లెలి పెండ్లికి చేసిన అప్పు ఎవరు తీర్తురు? ఇది దేవుని పిలుపా, ఒకనాటి ఉత్సాహమా? ఈ ప్రశ్నలు అవిశ్వాసము కావు. దేవుని సంకల్పమును నమ్ముట యనగా నేమో ఈ మాసము కలిసి నేర్చుకొందము.

1. దేవుడు దారి అంతయు ముందుగా చూపడు

దేవుడు అబ్రాహామునకు ఊరి పేరు చెప్పలేదు. తాను చూపబోవు దేశమునకు బయలుదేరుమనెను. రాత్రివేళ లాంతరు పట్టుకొని పొలము గట్టున నడచువానికి అవతలి ఊరు కనబడదు, తరువాతి అడుగు మాత్రమే కనబడును. ఆ అడుగు వేసిన పిమ్మట వెలుగు ముందుకు జరుగును.

మన దోర్నకల్లు ఇందుకు సాక్ష్యము. వి. ఎస్. అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. 1903లో అక్కడి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనెరీ సొసైటీకి ఆయన కార్యదర్శి. ఇతరులను సేవకు పిలుచుట ఆయన పని. ఇతరులను పొమ్మను తాను ఏల పోరాదను తలంపు ఆయనను విడువలేదు. 1909లో వై. ఎం. సి. ఏ. ఉద్యోగము విడిచి, అభిషేకము పొంది, నైజాము రాజ్యములోని దోర్నకల్లు చేరెను. భాష తనది కాదు, తెలుగు నేర్చుకొనెను. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్పు ఆయెను. ఆయన వచ్చిన నాటికి దోర్నకల్లు డయోసిసే లేదు. పదవిని చూచి కాదు, పిలుపును నమ్మి వచ్చెను.

2. మూయబడిన తలుపును చూచి కలత పడకుడి

పౌలు ఆసియలో బోధింప గోరెను, ఆత్మ ఆపెను. బితూనియకు పోజూచెను, అదియు కూడలేదు. అప్పుడతడు సేవ మానలేదు, తలుపు విరుగగొట్టను లేదు. త్రోయకు వచ్చెను, అక్కడ మాసిదోనియ పిలుపు కలిగెను.

3. ఇంటికి పొమ్మనుటయు పిలుపే

దయ్యములు వదలిన గెరాసేనీయుడు యేసు వెంట రాగోరెను. ప్రభువు వానిని ఇంటివారి యొద్దకే పంపెను. నిలిచినవాడు తక్కువ సేవకుడు కాడు.

4. పిలుచువాడు దేవుడు, పంపునది సంఘము

అంతియొకయలో సంఘము ఉపవాసముండి ప్రార్థించి, చేతులుంచి సేవకులను పంపెను. గనుక ఎవడును తన పిలుపును ఒంటరిగా తేల్చుకొనరాదు. 1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపినవి. కూలికై సముద్రము దాటిన తెలుగువారిని అవి మరువలేదు.

పోగోరువాడు అప్పును, తలిదండ్రుల పోషణను దాచక పెద్దల యెదుట పెట్టవలెను. తన యింటివారిని చూడనివానిని 1 తిమోతి 5:8 గద్దించుచున్నది. అయితే సంఘమునకును ఒక భారము కలదు. కుమారుని దీవించి సాగనంపి, అతని తల్లి గంజికి అల్లాడుచుండగా చూచుచు ఊరకుండుట పంపుట కాదు. ఆమె బియ్యము, ఆమె మందులు సంఘపు లెక్కలో చేరవలెను.

సేవకు ఎల్లప్పుడు సముద్రము దాటనక్కరలేదు. మన పల్లెల బిడ్డలు ఉద్యోగ పరీక్షల చదువుకై హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలోను, చంపాపేట్ అద్దె గదులలోను ఉన్నారు. వారిని పలుకరించుటకు ఎవరు పోవుదురు?

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

• నేడు మనకు కనబడుచున్న తరువాతి అడుగు ఏది?
• మన భయములలో పెద్దలతో చెప్పవలసినది ఏది?
• మన సంఘము ఒకరిని పంపినయెడల, వారి యింటికి మనమేమి చేయుదుము?

ప్రార్థన: ప్రభువా, దారి అంతయు చూపుమని అడుగము. పొమ్మన్నచోటికి పోవుటకును, నిలువుమన్నచోట నిలుచుటకును, పోవువారి యింటివారిని మోయుటకును మాకు కృప దయచేయుము. ఆమేన్.