పలుమారులు వ్రాసిన మాట

ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు. కారేపల్లి అను ఊరి పేరును నలువది మారులు ఆగక పలుకుడు. మొదట రైలు కూడలియు, అంగడియు, ఊరి జనమును మనస్సునకు తోచును. క్రమముగా ఊరు మరుగై, నాలుకపై నాలుగక్షరముల చప్పుడు మాత్రమే మిగులును. ఆ పేరు ఎన్నడును విననిదానివలె వింతగా నుండును.

ఈ వింతను శాస్త్రజ్ఞులు చిరకాలముగా పరిశీలించుచున్నారు. 1907లో సెవరెన్సు, వాష్‌బర్ను అను అమెరికా పరిశోధకులు, ఒకే మాటను చాలసేపు తదేకముగా చూచినచో ఏమగునో పరీక్షించి ప్రకటించిరి. 1962లో జాకొబొవిట్సు కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయమున దీనిపై సిద్ధాంతవ్యాసము వ్రాసెను. కడుపు నిండినవానికి పిండివంట రుచింపనట్లు, ఒకే మాటతో నిండిన మనస్సునకు దాని అర్థము తోపదు.

అట్లయిన మాటను రెట్టించుట దోషమా? కాదు. 'మొదట' కంటె 'మొట్టమొదట' బలమైనది. 'నడుమ' కంటె 'నట్టనడుమ' స్పష్టమైనది. ఇట్లు రెట్టించినప్పటి రెండవ రూపమును వ్యాకరణము ఆమ్రేడితమనును. రెండుమారులు పలికిన మాట అర్థమునకు బలమిచ్చును. నూరుమారులు పలికినది అర్థమునే మింగును.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ చిక్కు ఎదురగుచుండును. ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనులను వరుసగా తెలుపు ఆజ్ఞల సముదాయము. అందలి లెక్కలకు పేర్లు పెట్టుదురు. ఆ పేరు వ్రాయువానికి అర్థము గల మాట. యంత్రమునకు వట్టి గుర్తు.

ఖమ్మము మార్కెట్టులో మిరపకాయల తూకమునకు ఒకడు ప్రోగ్రాము వ్రాయుచున్నాడనుకొందము. గోనెతో కూడిన తూకమునకును, గోనె పోగా మిగిలిన తూకమునకును అతడు 'బరువు' అనియే పేరు పెట్టెను. రైతు తెచ్చినవి 20 బస్తాలు. ఒక్కొక్కటి 41 కిలోలు. ఖాళీ గోనె 1 కిలో. మొత్తము 820 కిలోలలో గోనెల బరువు 20 పోగా నికరము 800 కిలోలు. ఈ తీసివేత ప్రోగ్రాము ఆరంభముననే జరిగినది. నూరు పంక్తుల తరువాత, 'బరువు' అను మాట కన్నులకు వట్టి గీతలుగా మారిన వేళ, అతడు మరల 20 తీసివేసెను. యంత్రము 780 అని చూపెను, తప్పని చెప్పలేదు. ఏలన, దానికి బరువనినను గోనెయనినను ఒక్కటే. నష్టపోయినవాడు ఎండలో పంట పండించిన రైతు.

మాట అర్థము మారుటకు వేరొక త్రోవయు గలదు. కారేపల్లికి చేరువనున్న సింగరేణి గ్రామము పేర 1920లో బొగ్గుగనుల కంపెనీ ఏర్పడెను. నేడు సింగరేణి యనగానే పలువురికి బొగ్గు తోచును గాని గ్రామము తోపదు. అది లోకవ్యవహారమున కలిగిన మార్పు, నిలిచియుండును. పునరుక్తివలన పోయిన అర్థమో, విశ్రాంతితో తిరిగివచ్చును.

కావున ప్రోగ్రాము వ్రాయువాడు 'గోనెతో బరువు', 'నికర బరువు' అని వేరువేరు పేర్లు పెట్టవలెను, కొంతసేపు లేచి తిరిగి, మరల చదువవలెను, ఇతరులచే చదివింపవలెను.

విద్యార్థులారా! మీరును ఎక్కములను, పద్యములను వల్లెవేయుదురు. వల్లెవేయుట తప్పు కాదు. నడుమనడుమ ఆగి అర్థమును తలచుకొనకపోవుటయే తప్పు.

ప్రశ్నలు
1. రైతునకు 20 కిలోల నష్టము ఎట్లు కలిగినది? యంత్రము దానిని ఏల కనిపెట్టలేదు?
2. 'సింగరేణి' విషయమున కలిగిన మార్పునకును, పునరుక్తివలన కలుగు మార్పునకును భేదమేమి?
3. ఆమ్రేడితము గల మాటలు ఐదు వ్రాయుడు.