నాజిల్ మీద 517

పిల్లలూ, ఈసారి బదిలీలో మేము క్వార్టర్‌కు చేరేసరికి రంగులు ఇంకా పూర్తి కాలేదు. పెయింటర్ చేతిలో బ్రష్ లేదు. గాలి కలపకుండా పంపు ఒత్తిడితోనే రంగు చిమ్మే ఎయిర్‌లెస్ యంత్రం ఉంది. దాని గన్ చివరి నాజిల్ మీద 517 అని రాసి ఉంది.

మొదటి అంకె 5ను రెట్టింపు చేస్తే 10. గోడకు అడుగు దూరంలో పట్టుకుంటే రంగు సుమారు 10 అంగుళాల వెడల్పున పడుతుందన్నమాట. చివరి 17 రంధ్రం కొలత: అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 17. అర మిల్లీమీటరు కూడా లేదు! గోడకు వేసే చిక్కటి ఎమల్షన్‌కు అది చాలు. తలుపులకు వేసే పలుచని వార్నిష్‌కు 311 లాంటిది కావాలి. 517తో వేస్తే కారి చారలు కడుతుంది. 311 అంటే ఎంతో మీరే లెక్కకట్టండి.

వాడగా వాడగా రంగులోని రేణువులు రంధ్రాన్ని అరగదీస్తాయి. అప్పుడు రంధ్రం పెద్దదవుతుంది, పట్టీ మాత్రం సన్నబడుతుంది. రంగు ఎక్కువ ఖర్చవుతుంది. అలాంటి నాజిల్‌ను మార్చేయాల్సిందే.

మధ్యలో నాజిల్ పూడుకుంది. మా చిన్నవాడు వేలితో తుడవబోయాడు. "బాబూ, ఆగు!" అని పెయింటర్ అరిచిన అరుపుకు మేమంతా ఉలిక్కిపడ్డాం. చదరపు అంగుళానికి 2000 పౌండ్లు దాటే ఒత్తిడిలో రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనిపించినా వేలే పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆయన ట్రిగ్గర్‌కు లాక్ వేసి, నాజిల్‌ను వెనక్కి తిప్పి, లాక్ తీసి పాత అట్ట మీదకు చిమ్మాడు. అడ్డు పోయింది. సాయంత్రం యంత్రం ఆపి, ఒత్తిడి వదిలాకే నాజిల్ ఊడదీశాడు. ఎమల్షన్ కాబట్టి నీళ్లలో మెత్తని బ్రష్‌తో కడిగాడు. పిన్ను ఇవ్వబోతే వద్దన్నాడు, రంధ్రం గీసుకుపోతుందట.

ఆ రాత్రి మా పెట్టెలు వరండాలోనే ఉన్నాయి.